మూడూ ఒక్క దొడ్లోనేనా?

గడ్డి పొగను పాలకుండలోకి పట్టించి, మూతికి అరచెయ్యి అడ్డం పెట్టాను. పొగ కాసేపు లోపలే నిలవాలి. ఆ వాసన పట్టని పాలు మా ఇంట్లో ఎవరూ తాగరు. రెండో కుండ అందుకోబోతుంటే వాకిట్లో కర్ర చప్పుడైంది. కతుంగి తాత.

పలకరింపులకే పావుగంట తీసుకునే మనిషి. మా నిద్ర, మా ఆవులు, వాటి దూడలు అన్నీ అడిగాకే అసలు మాటకొస్తాడు. ఆ రోజూ అడిగాడు గాని, నా మొహం చూడలేదు. అమ్మ పాలు తెచ్చి పెడితే ముట్టలేదు.

"బిహోగో మళ్ళీ ఎదకొచ్చింది," అన్నాడు.

ఆ "మళ్ళీ" నాకోసమే. ఇరవయ్యొక్క రోజుల కిందట ఆ ఆవు ఎదకొచ్చినప్పుడు తాత మా పశువుల సంఘానికి ఫోన్లో సందేశం పంపాడు. అలాంటి సందేశాలను ఆబోతు లేకుండానే ఆవుని చూడి కట్టించే, దగ్గర్లోని ఎదసూది మనిషికి చేరవేసే ప్రోగ్రాం నేను రాసిందే. క్లౌడ్‌లో అద్దెకు తీసుకున్న ఒకే ఒక్క సర్వర్ మీద నడిచేది. ఆ పొద్దున అది ఆగిపోయింది. సందేశం ఎవరికీ అందలేదు. సూది వేసే ముజుని వస్తాడని తాత చీకటి పడేదాకా దొడ్డి దగ్గరే నిలబడ్డాడట.

తర్వాత రెండు వారాలు కూర్చుని క్లస్టర్ కట్టాను. ఒకటికి బదులు మూడు యంత్రాలు. ప్రోగ్రాంను కంటెయినర్లనే పెట్టెల్లో సర్ది వాటి మీద ఉంచాను. ఒక యంత్రం ఆగిపోతే దాని పెట్టెలు మిగతావాటి మీద వాటంతటవే లేస్తాయి.

"సందేశం పంపు తాతా. ఈసారి చేరుతుంది."

"పోయినసారీ నువ్వే చెప్పావు. నేను పొరుగోళ్ళ ఆబోతుని తోలుకొస్తా."

"అయ్యో మావా! ఆ ఆబోతూ బిహోగో ఒక్క తల్లి బిడ్డలు కదా," లోపల్నుంచి అమ్మ అంది. "దూడ నీకు రెండు తలలతో పుడుతుంది."

"నవ్వండి, నవ్వండి. రేపు చెరువు దగ్గర చెప్తా, ఈ పిల్ల ఫోన్ని నమ్ముకుంటే దొడ్డి ఖాళీ అయిపోద్దని."

ఆ చెరువుకి నలభై ఇళ్ళ మందలు వస్తాయి. కతుంగి తాత కాదన్నది ఆ నలభై ఇళ్ళలో ఎవరూ వాడరు. వాడేవాళ్ళు లేకపోతే సంఘం నా పని ఆపేస్తుంది.

నేను లాప్‌టాప్ తెచ్చి చాప మీద పెట్టాను. నడుస్తున్న యంత్రాలకి గుర్తుగా ఉన్న మూడు పచ్చ చుక్కలు చూపించాను.

"ఎక్కడుంటాయి ఇవి?"

"జొహన్నెస్‌బర్గ్‌లో."

"మూడూ ఒక్క దొడ్లోనేనా?"

కాదని చెప్పబోయి, చుక్కల పక్కనున్న అక్షరాలు చూశాను. మూడింటికీ ఒకే పేరు. మూడూ ఒకే భవనంలో ఉన్నాయి. యంత్రాలెన్నో చూసుకున్నాను గాని, ఎక్కడున్నాయో చూసుకోలేదు.

"ఒక్క దొడ్లోనే తాతా."

"నా ఆవులు పది నా దగ్గర, పది బావమరిది దగ్గర, పది కొండవతల స్నేహితుడి దగ్గర. ఒక్క జబ్బుకే అన్నీ పోకూడదని. నీకు బళ్ళో చెప్పలేదా?"

"బళ్ళో ఆవులుండవుగా."

"అదీ సంగతి."

ఆ రకం క్లస్టర్‌ను తర్వాత జరపడం కుదరదు. కొత్తది కట్టాల్సిందే. పొద్దున ఎదకొచ్చిన ఆవుకి సాయంత్రానికి సూది పడాలి, ముజుని ఏ దారిన వెళ్ళాలో మధ్యాహ్నమే చూసుకుంటాడు. అప్పటికి తొమ్మిదైంది.

"పన్నెండు దాకా కూర్చో తాతా."

"దాటిందంటే ఆబోతే."

కూర్చున్నాను. మూడు భవనాలు, ఒక్కోదానిలో ఒక్కో యంత్రం. ఒకే రకం పెట్టెలు రెండు ఒకే యంత్రం మీద చేరకూడదని రాశాను. సిగ్నల్ రెండుసార్లు పోయింది. రెండుసార్లూ ఆగిన దగ్గర్నుంచి మళ్ళీ మొదలుపెట్టాను. దూడ వచ్చి వైరు నాకింది. తాత కర్రతో దాన్ని తోలాడు.

పదకొండున్నరకి మూడు చుక్కలూ పచ్చబడ్డాయి. సందేశాలు వచ్చే దారిని కొత్త క్లస్టర్ వైపు తిప్పాను.

"ఒకదాన్ని చంపు," అన్నాడు తాత.

"ఏది?"

"మధ్యది."

దాన్ని తీసేశాను. మధ్య చుక్క ఎర్రగా మారింది.

"ఇప్పుడు పంపు తాతా."

ఒక్కో అక్షరం వెతుక్కుంటూ నొక్కాడు. అమ్మ గుమ్మంలోకొచ్చి నిలబడింది. ఎర్ర చుక్క అలాగే ఉంది. గేటు దగ్గర దూడ అరిచింది.

తాత ఫోన్ మోగింది. ముజుని గొంతు మాక్కూడా వినిపించింది.

"తాతా, బిహోగోయేనా? నాలుగింటికి వస్తున్నా. నీడన కట్టెయ్. పోయినసారి తిట్లన్నీ నాకే తగిలాయి, ఈసారి పాలు దాచి ఉంచు!"

తాత ఫోన్ కట్టేశాడు. సెలవు తీసుకోవడానికి కూడా ఆయనకి పావుగంట పడుతుంది. నేను కాళ్ళు ముడుచుకుని సిద్ధంగా కూర్చున్నాను. ఆయన పొద్దున ముట్టని పాలకుండ ఎత్తి, అడుగుదాకా తాగి, బోర్లించి పెట్టాడు. కర్ర అందుకున్నాడు. ఒక్క మాటైనా అనకుండా, దొడ్డి వైపు వేగంగా నడుచుకుంటూ వెళ్ళిపోయాడు.