ఊదని ఈల

జోగులు అప్పటికి పిల్లలను మూడోసారి లెక్కపెడుతున్నాడు. పద్దెనిమిది మంది. టీచరమ్మ నవ్వుకుంటే నవ్వుకోనీ! దీవిలో బతు బస్తీ అనే పేటలోని ఆ చిన్న బడికి ఇరవై ఏళ్లుగా అతను చౌకీదారు. మెడలో తాడుకు కట్టిన ఇత్తడి ఈల, మోకాళ్ల దాకా మడిచిన ఖాకీ లాగు, ఉప్పుకు పగిలిన పాదాలు.

అమావాస్యకు నీళ్లు బాగా దిగి పగడపు రాళ్లు బయటపడతాయి. ఆ మధ్యాహ్నం మూడో క్లాసు పిల్లలకు సముద్రం చూపించడం అతను తన నెత్తిన తానే వేసుకున్న పని. ఇవాళ్టితో ఉద్యోగం సరి. ఇక వీళ్లకు ఎవరు చెబుతారు? పొద్దుటి నుంచీ అదే దిగులు, దానికి తోడు గుండెలో నొప్పి. వాము నమిలి ఊరుకున్నాడు.

టీచరమ్మ దూరంగా చెట్టు నీడన నవల తెరిచింది. పిల్లలు అతను చెప్పినట్టే నీళ్లు చేత్తో తాకి కళ్లకద్దుకుని, రాళ్ల మీదకు దిగారు.

"తాతా, యే క్యా హై?" బుల్లమ్మ అరచేతిలో శంఖం కదిలింది.

"పీత లోపల కాపురముంటందే. ఇల్లు తీసేసుకుంతావేటి? ఒగ్గేయ్."

తర్వాత నీటి అంచున ఒక్కొక్కరి చేత ఒక్కో పుల్ల గుచ్చించాడు. "పుల్ల తడిసిందంటే పోటు తిరిగినట్టే. నేను ఈల ఊదినా, ఊదకపోయినా వచ్చేయాల. సమఝే?"

"సమఝే!" అని అరిచారందరూ.

తన కూతురు సీతాలుకు ఈ మాట చెప్పలేదు. భీమిలి వైపు నుంచి ఈ దీవికి వచ్చిన కొత్తలో, ఎనిమిదేళ్ల ఆ పిల్ల ఈ రాళ్ల మీదే గవ్వలేరుతుంటే, అతను ఒడ్డున వల బాగుచేసుకుంటున్నాడు. జాలరి పిల్లకు నీళ్ల సంగతి ఒకరు చెప్పాలా అనుకున్నాడు. అయ్యో, ఎంత పొగరు! తలెత్తేసరికి రాళ్లూ లేవు, పిల్లా లేదు. మళ్లీ వల ముట్టలేదు. ఈల కొనుక్కున్నాడు.

బండ మీద చతికిలబడి చూస్తుండగానే నీటి అంచు కదిలింది. ఈల నోట పెట్టుకున్నాడు. ఊపిరి అందలేదు. మరోసారి ప్రయత్నించాడు. ఎడమ చెయ్యి బరువెక్కి ఒళ్లో పడింది. అరుద్దామంటే గొంతు పెగల్లేదు. పిల్లలు వంగి పీతలనే చూస్తున్నారు. తల్లీ, మళ్లీనా?

"పుల్ల తడిసిపోనాది!" బుల్లమ్మ కేక. "పానీ ఆ గయా, చలో చలో!"

చేతులు పట్టుకుని, జారుతూ, ఒకరినొకరు లాక్కుంటూ వస్తున్నారు. జోగులు పెదవులు కదిలాయి. పదహారు. పదిహేడు. చివర బుల్లమ్మ, పద్దెనిమిది.

"తాతా, నువ్వు ఊదకుండానే వచ్చేసినాం!"

అతని తల గుండెల మీదకు వాలింది. నిద్రపోయాడనుకుని పిల్లలు నవ్వారు. టీచరమ్మ వచ్చి భుజం తట్టి, చటుక్కున చెయ్యి వెనక్కి తీసుకుంది.

సాయంత్రానికి నీళ్లు బండ దాకా వచ్చాయి. అతన్ని ఎత్తుకెళ్లే హడావుడిలో తెగిన తాడుతో ఇత్తడి ఈల అక్కడే పడి ఉంది.