మిల్లు వెనక గుంట

పైన బూడిద చల్లగానే ఉంది. దాని మీద కాలు పెట్టిన నాంచారమ్మ నడుందాకా దిగబడిపోయింది.

బందరు కాలువ గట్టున వెంకటసుబ్బారావు రైసు మిల్లు ఉంది. బాయిలరు కింద కాలిన ఊకంతా మిల్లు వెనక పాత గుంటలో పోస్తారు. పైకి ఆరిపోయినట్టు కనిపిస్తుంది గానీ లోపల వారాల తరబడి రగులుతూనే ఉంటుంది. చుట్టూ దడి లేదు. మిల్లులో కుళాయి లేదు గనక ఆడకూలీలు తాగే నీళ్లకు ఆ పక్కనుంచే కాలువకు పోవాలి. గాలికి బూడిద పరుచుకుంటే గుంట ఎక్కడ మొదలైందో ఎవరికి తెలుస్తుంది? నిరుడు ఒక గేదెదూడ కాళ్లు కాలినప్పుడే ముఠా మేస్త్రి శౌరయ్య దడి కట్టించమని మొత్తుకున్నాడు. షావుకారు నవ్వి ఊరుకున్నాడు.

నాంచారమ్మను పైకి లాగింది ఆమెతోపాటు నీళ్లకు వెళ్లిన తోటి కూలీ పేరమ్మే. ఆ కేకలు ఇంకా ఆమె చెవుల్లో ఉండగానే, మర్నాడు పొద్దున బెజవాడ పెద్దాసుపత్రి నుంచి కబురొచ్చింది. నాంచారమ్మ పోయింది.

అప్పటికే గుంట దగ్గర ఎర్ర అక్షరాల బోర్డు వెలిసింది: "ఇది దారి కాదు. ఎవరూ రాకూడదు." షావుకారు పేరమ్మను పిలిపించాడు. పక్కన కుర్చీలో ఎస్సై ఉన్నాడు.

"ఏడాదినుంచీ బోర్డు అక్కడే ఉందనీ, వద్దన్నా నాంచారమ్మే వెళ్లిందనీ రాశాం. వేలిముద్ర వెయ్యి. నీ పనికేం ఢోకా లేదు" అన్నాడు షావుకారు.

పేరమ్మకు భయమేసింది, దాచడమెందుకు. ఇంట్లో మంచానపడ్డ మొగుడు, ఇద్దరు ఆడపిల్లలు. వెయ్యకపోతే రేపు పొయ్యి వెలగదు. వేస్తే నాంచారమ్మ చావుకు నాంచారమ్మే దోషి అవుతుంది.

"ఓసారి ఆ బోర్డు చూసొస్తానండీ" అంది.

గచ్చు మీద ఉడకబెట్టిన వడ్లు కాళ్లతో తిరగేస్తున్న ఆడవాళ్లంతా చూస్తుండగా, పేరమ్మ వెళ్లి బొటనవేలు బోర్డు మీద ఒత్తింది. వేలు ఎర్రబడింది. దాన్ని పైకెత్తి అందరికీ చూపించింది.

"ఏడాది రంగంటమ్మా ఇది! ఇంకా ఆరనే లేదు!"

షావుకారు పరుగున వచ్చాడు. "రంగుతో నీకేం పనే? స్థలం నాది! నా స్థలంలోకొచ్చి చస్తే నాదా తప్పు?"

"స్థలం మీదైతే అందులో నిప్పెవరిదండీ?" పేరమ్మ ఎత్తిన వేలు దించలేదు. "పని చేసినంతసేపూ మేం మీ కూలీలం. కాలి చస్తే దొంగతనంగా దూరినవాళ్లమా?"

శౌరయ్య వీపు మీది బస్తా దభీమని పడేశాడు. "ఈ చావుకు బాధ్యత నాదని షావుకారు రాసివ్వాలి. దడి కట్టించాలి. అందాకా ఇక్కడ బస్తా కదలదు."

ఎస్సై పేరమ్మ జబ్బ పట్టుకుని జీపు వైపు ఈడ్చాడు. వడ్లు పొగలు కక్కుతున్నాయి. తిరగెయ్యకపోతే పాడైపోతాయని షావుకారు గొంతు చించుకున్నాడు. ఒక్కరూ కదల్లేదు. అందరికంటే పెద్దదైన పోలేరమ్మ వెళ్లి జీపుకు అడ్డంగా కూర్చుంది. ఆమె వెనక నలభైమంది కూర్చున్నారు.

"మమ్మల్నీ ఎక్కించండి బాబూ. మేమూ రోజూ ఆ దారినే పోయినోళ్లం" అంది పోలేరమ్మ.

మధ్యాహ్నం పోలీసు వ్యాను వచ్చింది. తలలు పగిలాయి. పేరమ్మను తీసుకుపోయారు. సాయంత్రానికి నాంచారమ్మ శవం వచ్చింది. దాన్ని శ్మశానానికి తీసుకుపోలేదు. కట్లు కట్టుకున్న తలలతోనే మోసుకొచ్చి మిల్లు గేటు ముందు దించారు. పక్క మిల్లుల కూలీలూ పని మానేసి వచ్చి చుట్టూ కూర్చున్నారు.

షావుకారు ఎక్కి కూర్చున్న మిల్లు మేడ వైపు శౌరయ్య తలెత్తాడు.

"దిగిరా షావుకారూ. నువ్వు రాసిచ్చేదాకా, పేరమ్మ తిరిగొచ్చేదాకా ఈ శవం లేవదు. మేమూ లేవం."