దోసెడు నీళ్లు పోసి చెప్పిన కలలు

నీళ్ల మీద ఫిర్యాదులేమీ లేవని రాసింది మీరే. చల్లటి గదిలో కూర్చుని, ఒక్క వాక్యంతో ఒక ఊరి నోరు మూసింది మీరే. రసాయనాల కంపెనీ గోడకు దిగువనున్న వాగుపల్లె ఆడవాళ్లు గంటల తరబడి చెప్పిన మాటలు ఎక్కడికీ పోలేదు. మీ కంప్యూటర్లోనే, 'ఇతరములు' అని పేరు పెట్టిన మూలన పడి ఉన్నాయి. పడేసిన చెయ్యి ఎస్తేరుది. పడెయ్యమన్న నోరు మీది.

ఎస్తేరు జడ్చర్ల పక్క పిల్లే. పాలమూరులో డిగ్రీ చదివి, అక్కడే ఒక సర్వే ఆఫీసులో కాంట్రాక్టు కొలువులో చేరింది. ఊర్లో రికార్డు చేసుకొచ్చిన మాటలను చెవుల్లో పెట్టుకుని వినాలి, టైపు చెయ్యాలి, తర్వాత ఎక్సెల్ షీటులో ఒక్కో మాటకు ఒక్కో వరుస ఇవ్వాలి. మొదటి గడిలో చెప్పినామె పేరు, పక్కన ఆమె ఇల్లు ఎక్కడుందో, ఆ పక్కన ఆమె మాట. చివరి గడి మీద నొక్కితే ఒక పట్టీ కిందికి జారేది. ఆరోగ్యం, పని, పశువులు, నీళ్లు, ఇతరములు. మాట దేని గురించో చూసి ఒకటి ఎంచాలి. ఏది ఎన్నిసార్లు వచ్చిందో లెక్క కట్టుకునేది కంప్యూటరే.

చిక్కు ఎక్కడొచ్చిందంటే, మీ ఊరి బోరు నీళ్లు ఎట్లున్నాయని అడిగితే వాగుపల్లె ఆడవాళ్లు కలలు చెప్పారు.

గోపమ్మ బర్రె నీళ్ల గోలెంలోకి తొంగిచూసి, పరాయివాళ్లను చూసినట్టు సిగ్గుపడి మొహం తిప్పుకున్నదట. బిక్షమ్మ ఉతికి ఆరేసిన చీర సాలెగూడంత పలచనై, దాంట్లోంచి ఊరంతా కనబడిందట. నాగులమ్మకు వాగులోని చేపలు ఒడ్డెక్కి, షాద్‌నగర్ బస్సు ఎప్పుడొస్తదని అడిగాయట. సాలమ్మ కలలో వాగు నిండా తెల్లటి పూలు పూశాయి. ఒక పువ్వు తెంపబోతే అది నురగై, వేళ్లకు మంటై అంటుకుంది.

కలలను ఏ గడిలో పెట్టాలని ఎస్తేరు అడిగింది. హైదరాబాదు నుంచి వచ్చిపోయే సుహాసిని మేడం, ఆ పనికంతటికీ పెద్ద, నవ్వి ఇతరాల్లో పెట్టెయ్యమన్నది. పెట్టేసింది. కంప్యూటర్ లెక్క కట్టింది. 'నీళ్లు' అన్నచోట దాదాపు ఏమీ మిగల్లేదు. మేడం, అంటే మీరు, ఫిర్యాదులేమీ లేవన్న ఆ వాక్యం రాశారు. ఆ రిపోర్టు రేపు జిల్లా ఆఫీసుకు పోతుంది. బోరు నీళ్లను పరీక్షించడానికి మనుషులు వస్తారా రారా అన్నది దాన్ని చూసే తేలుస్తారు. నల్లా నీళ్లు తాగడానికే సరిపోయే ఊరది. బర్లకూ బట్టలకూ మడికీ ఆ బోరే దిక్కు.

మధ్యాహ్నం ఎస్తేరు ఒకటి రెండు మాటలు సరిచూసుకుందామని గోపమ్మ రికార్డు మళ్లీ పెట్టింది. ఫ్యాను మెల్లగా తిరుగుతోంది, రెప్పలు బరువుగా ఉన్నాయి. ఆ మగతలో, గోపమ్మ కల చెప్పడం మొదలుపెట్టకముందు, ఒక చప్పుడు వినబడింది. దోసెడు నీళ్లు నేల మీద పడిన చప్పుడు.

బిక్షమ్మది పెట్టింది. అదే చప్పుడు. సాలమ్మది పెట్టింది. అదే. టైపు చేసేటప్పుడు చప్పుళ్లను ఎవరూ రాయరు గదా. ఎస్తేరు కూడా రాయలేదు.

ఆ నీళ్లు నేల మీద కాదు, ఎస్తేరు చిన్నతనం మీద పడ్డాయి. అవ్వ జానమ్మ గడప దగ్గర కూర్చుని, బిందెలోంచి దోసెడు తీసి మట్టికి పోసి, బాయి నీళ్లు ఉప్పగైన సంగతిని కలొచ్చినట్టు చెప్పింది. అవ్వా, అది కల కాదు గదా అని ఎస్తేరు నిలదీసింది. నీళ్లను మొహం మీద తిట్టొద్దనీ, అలిగి పోతాయనీ, చెడ్డమాటను కల మీద పెట్టి చెప్పాలనీ అవ్వ గుసగుసలాడింది. ఏసు మందిరంలో చేరిన ఇంట్లో గట్ల చెయ్యొద్దని అమ్మ గసిరింది. అవ్వతోటే ఆ ముచ్చట ఇంట్లోంచి వెళ్లిపోయింది.

ఎస్తేరు ఇతరములను ఒక్కదాన్నే ఉంచి మిగతా వరుసలను దాచింది. ఇల్లు ఎక్కడుందన్న గడిని పట్టుకుని, కంపెనీ గోడ దగ్గరి ఇంటి నుంచి దిగువకు వరుస పెట్టింది. కలలన్నీ లేచి, సర్దుకుని, తమ తమ చోట్లకు నడిచాయి. గోడ పక్కన తెల్లపూలు, వాటి కింద చేపలు, ఆ కింద బర్రె, చిట్టచివర గాలికి రెపరెపలాడే చీర. ఎవరి కల వాళ్లు కన్నారనుకున్నది ఒకటే కలై ఊరి మీదుగా పారుతోంది. మౌసు చక్రం తిప్పుతుంటే తెర మీద వాగు పోతున్నట్టే ఉంది. ఆమె పాదాలు తడిసినట్టై కుర్చీ కిందికి చూసుకుంది.

ఫోను చేస్తే మేడం ఓపిగ్గానే విన్నది.

"అది నీకు అర్థమైన సంగతి ఎస్తేర్. వాళ్లు అన్నది మాత్రం కల అని. వాళ్ల నోట రానిదాన్ని నీళ్ల కింద రాస్తే అది దొంగ డేటా అవుతుందమ్మా."

తిట్టుకోబోయి ఎస్తేరు ఆగింది. ఆ మాటలో తప్పు లేదు. తప్పల్లా ఊర్లోకి పోయి అడగకపోవడంలో ఉంది. బ్యాగు తీసుకుని బస్సెక్కింది.

బోరు దగ్గర నలుగురూ ఉన్నారు. ఎస్తేరు బండ మీద కూర్చుని, ఫోనులో కలలను ఎగువ నుంచి దిగువకు చదివి వినిపించింది. పక్కింటి కల పక్కింటికి తెలియని ఊరు కాదు. అయినా అన్నీ వరుసగా వినడం అదే మొదలు. బట్టలు బాదే చప్పుడు ఆగింది. పల్చటి ఎండలో నురగ మెల్లగా కాలువలోకి జారిపోతోంది.

"నీ చేపలకు బస్సు దొరికిందా నాగులక్కా?" అని బిక్షమ్మ అడిగింది.

"దొరికితే గీడెందుకుంటయే, గోడ దుంకి కంపెనీల కొలువు జేద్దుమని పోయినయి."

నవ్వారు. నవ్వు సద్దుమణిగాక ఎస్తేరు అసలు సంగతి చెప్పింది. కల అంటే రేపు కాగితంలోకి ఎక్కదు. ఎక్కకపోతే పరీక్షకు ఎవరూ రారు. ఎక్కాలంటే ఎవరో ఒకరు మెలకువలో చెప్పాలి.

నలుగురూ బోరు వైపు చూశారు. నీళ్లను మొహం మీద అనకపోవడం ఇన్నేండ్లు కాపాడుకున్న మర్యాద. ఎదురుగా అనేస్తే, ఉన్న ఆ కాస్త బోరూ అలిగి ఎండిపోతే, రేపు బర్లను ఎక్కడికి తోలుకుపోవాలి?

గోపమ్మ వంగి దోసెడు నీళ్లు తీసింది. మట్టికి పోసింది. అందరూ కల కోసం ఎదురుచూశారు.

"కల కాదు పెద్దమ్మా?" అని ఎస్తేరు మెల్లగా అడిగింది.

"కాదు బిడ్డా. బర్రె గీ నీళ్లు ముట్టలే. దూడ సచ్చి పుట్టింది. నీళ్లు పాడైనయి, రాసుకో. అలిగితే అలగనీ. గీసారి నా మీద గాదు, పాడుజేసినోళ్ల మీద అలగమని చెప్పే పోసిన."

సాలమ్మ ముందుకొచ్చి వేళ్లు చాపింది. పొక్కులు తేలిన చర్మం. ఆమె కూడా దోసెడు పోసింది. తర్వాత బిక్షమ్మ, నాగులమ్మ. ఎస్తేరు రికార్డు చేసుకుంది, చప్పుళ్లతో సహా.

ఆఫీసుకు తిరిగొచ్చి ఆమె ఒక్క కలనూ చెరపలేదు. ప్రతి కల పక్కన కొత్త గడి తెరిచి, 'మెలకువలో చెప్పినది' అని పేరు పెట్టి, బోరు దగ్గరి మాటను ఉన్నదున్నట్టు రాసింది. చివరి గడిలో ఇతరములు తీసి నీళ్లు పెట్టింది. లెక్క మళ్లీ కట్టించింది. నీళ్ల లెక్క చూపే, అప్పటిదాకా వెంట్రుకలా ఉన్న నీలిగీత తెర పైఅంచు దాకా లేచింది. మేడంకు పంపింది. షీటు తెరిచినట్టు కనబడింది. జవాబు రాలేదు.

ఇప్పుడు మీ వంతు, సుహాసిని మేడం. ముందు ఆ వాక్యం కొట్టెయ్యండి. ఇతరములన్న మూలను తెరిచి, గోడ నుంచి దిగువకు వరుసగా చదవండి. సీసాలు పట్టుకుని వాగుపల్లెకు రండి. గోపమ్మ ముందు నిలబడి బోరు నీళ్లు నింపుకోండి. నింపుకునే ముందు దోసెడు మట్టికి పొయ్యండి. ఆ నీళ్లలో ఏమున్నదో, ఎవరు కలిపారో, కల అనకుండా ఆ నలుగురి మొహాలు చూస్తూ చెప్పండి.