గోడకు ఇవతల

ఆత్మకూరులో ఒక ప్రైవేటు ఆస్పత్రిలో బషీరున్నీసా పదకొండేళ్లుగా ఆయా. ఊడ్చడం, తుడవడంతో పాటు ఎక్స్‌రే గదిలో పిల్లలు కదలకుండా పట్టుకునేది కూడా ఆమే. ఉదయగిరి కొండల్లో మేకల వెంట పోయి చెయ్యి విరగ్గొట్టుకున్నోళ్లు, దగ్గుతో ఎగపోసేవాళ్లు, ఆమె చేతుల్లోకి వస్తే ఏడుపు తగ్గించేవాళ్లు. ఆపరేటరు జనార్దనయ్య గోడవతలకు పోయి బటన్ నొక్కేవాడు. ఆయన అవతలికెందుకు పోతాడో ఆమె ఎన్నడూ అడగలేదు.

పంతొమ్మిది వందల ఎనభై రెండు ఎండాకాలంలో ఆమె చూపుడువేలు మీద పుండు లేచింది. గోళ్లు అంతకుముందే చారలు తేలి పెళుసుబారినాయి. ఫినాయిలు పడలేదేమోనని కొబ్బరినూనె పూసింది. ఆరు నెలలైనా మానలేదు. ఆమెకు ఒకచోట నిలకడ లేకుండా పోయింది. అన్నం కలుపుతా కలుపుతా ఆగి వేలు చూసుకునేది, బస్సెక్కితే కిటికీ వెలుతురులో పెట్టి చూసుకునేది. చివరికి అక్క షరీఫాను తోడు తీసుకుని మద్రాసులో పెద్దాస్పత్రికి పోయింది.

అక్కడి డాక్టరమ్మ తెలుగు మనిషి. ఎండ కాలిస్తే ఆ పూటే మంట తెలుస్తుందనీ, ఎక్స్‌రే మాత్రం నొప్పి లేకుండా చర్మం దాటి లోపలికి పోతుందనీ చెప్పింది. ఒకటి రెండుసార్లు ఫోటో తీయించుకునే రోగికి భయం లేదంట. రోజూ చేతుల మీద పడితేనే ఏళ్ల తరబడి దెబ్బ పోగవుతుందంట. పుండు క్యాన్సరైంది, వేలు తీసెయ్యాలని నిదానంగా చెప్పింది. పక్క గదిలో ఒక ముసలామెను కోబాల్టు మిషన్ కిందికి తీసుకుపోతున్నారు. అదీ అట్లాంటి కిరణమేననీ, కొలిచి గడ్డ మీదికే గురిపెడితే మందవుతుందనీ విని బషీరున్నీసా బిత్తరపోయింది.

"మరి నాకెవరు కొలిచినారమ్మా?" అని అడిగింది.



వేలు పోయింది. రెండు నెలలకు ఆమె మళ్లీ పనిలోకి వచ్చింది. ఆ వారమే కలిగిరి నుంచి శీనమ్మ అనే ఆమె, ఐదు నెలల కడుపుతో, రెండేళ్ల కొడుకును ఎత్తుకొచ్చింది. జనార్దనయ్య అలవాటుగా బషీరున్నీసాను పిలిచినాడు. తానే పట్టుకుంటానని తల్లి ముందుకొస్తే, కడుపులో బిడ్డకు మంచిది కాదని బషీరున్నీసా ఆమెను బయటికి పంపించి తలుపేసింది.

"సారూ, ఈ పొద్దు నువ్వు పట్టుకో. బటన్ నేను నొక్కుతా."

జనార్దనయ్య ఆమె చేతి వైపు చూసి తల తిప్పుకున్నాడు. బీరువా తెరిచి, కిరణాలు దాటనియ్యని సీసపు ఆప్రానూ, దుమ్ము పట్టిన చేతి తొడుగులూ బయటికి తీసినాడు.

"ఇవి ఎప్పటినుంచి ఉండాయి?"

"మిషన్‌తోనే వచ్చినాయి" అన్నాడు, గొంతు తగ్గించి.

అవి తొడుక్కుని పిల్లోడిని ఆయనే పట్టుకున్నాడు. ఆమె గోడవతలకు పోయి, ఆయన చెప్పిన బటన్ నొక్కింది. 

తర్వాత ఆమె వార్డు పనికి మారింది. కానీ ఎక్స్‌రే గదిలో పిల్లల ఏడుపు వినబడితే చేతిలో పని వదిలేసి లేచేది. తలుపు దాకా పోయి, పట్టుకున్నోళ్లు తొడుగులు వేసుకున్నారో లేదో చూసి గానీ వెనక్కి వచ్చేది కాదు.