అటక దిగిన కుక్కరు

ఆ ఇంట్లో పొద్దున్నే రెండు కుక్కర్లు కూసేవి. ఒకటి పొయ్యి మీద, ఇంకోటి అటక మీద. పొయ్యి మీదది లోపలున్నది ఉడికితే కూసేది. అటక మీదది ఇంట్లో ఎవరైనా మాట మింగితే కూసేది. అందులో నీళ్లుండవు, కింద మంట ఉండదు. పిడి ఎప్పుడో ఊడిపోయింది, అడుగు ఉబ్బిపోయింది. అయినా సరే, నాలుక చివరిదాకా వచ్చిన మాటని ఎవరైనా లోపలికి తోసేశారంటే చాలు, కుయ్యిమని ఒక్క కూత. పక్కింటావిడ గోడ మీంచి తల పెట్టి, "ఏం వదినా, ఇవాళ పొద్దున్నే బాగానే మింగినట్టున్నారు?" అని పలకరించి తన పని తను చూసుకునేది.

ఆ కుక్కరు అత్తగారిది. మామగారు బతికున్న రోజుల్లో ఆయన అరవడం, ఆవిడ మింగడం, అది కూయడం. వీధిలో పరువు పోతోందని ఆయన దాని నెత్తి మీది విజిల్ పీకేసి చొక్కా జేబులో వేసుకుని తిరిగేవాడు. రోజూ చొక్కా మారేది గానీ విజిల్ మాత్రం జేబు దాటేది కాదు. ఆయన పోయాక, ఆఖరిసారి విడిచిన చొక్కాలో దొరికింది. అత్తగారు ఏడుస్తూ ఏడుస్తూనే లేచి, దాన్ని తీసుకెళ్లి కుక్కరు నెత్తిన పెట్టి, మళ్లీ వచ్చి కూర్చుని మిగిలిన ఏడుపు ఏడ్చింది.

ఈమధ్య అది కూస్తున్నదంతా కోడలి వల్లే.

కోడలు వినికిడి మిషన్లు బాగుచేసే వర్క్‌షాపులో పనిచేస్తుంది. చెవిలో పెట్టుకునే ఆ గింజంత మిషన్‌ని ఎవరి చెవికి తగ్గట్టు వాళ్లకి సరిచేయాలంటే ముసలివాళ్లు మాటిమాటికీ మెట్లెక్కి రావాలి. ఆయాసపడుతూ వచ్చేవాళ్లని చూసీ చూసీ, ఇంట్లో కూర్చునే సరిచేసుకునేలా తనే ఒక ప్రోగ్రాం రాసింది. సెలవురోజులన్నీ దానికే పోసింది. మొట్టమొదట పరీక్షించింది అత్తగారి చెవి మీదే. "పక్కింటావిడ నా గురించి గొణుక్కునేది కూడా వినబడుతోందే!" అని అత్తగారు తెగ సంబరపడింది.

ఓనరు అది చూసి మురిసిపోయాడు. మురిసిపోయినవాడు ఊరుకోవచ్చుగా! దానికి తన అల్లుడి పేరు పెట్టాడు.

"సార్, అది నేను రాసింది కదండీ," అంది కోడలు.

"నువ్వే రాశావమ్మా, కాదన్నానా? పేరంటే బరువు. నీకెందుకా మోత?"

మోత తప్పించడమే కాదు, ఆఫీసు వాళ్లిచ్చిన లాప్‌టాప్ కూడా ఆ సాయంత్రమే లాగేసుకున్నారు, ఇంటి దగ్గర పనేమిటని. కోడలు ఇంటికొచ్చి చెప్పులైనా విడవకుండా కుర్చీలో కూలబడింది.

"పోనీలే, ఉద్యోగం ఉంది కదా. ఎందుకొచ్చిన గొడవ," అన్నాడు బస్సు డ్యూటీకి బయల్దేరుతున్న మొగుడు.

కోడలు చెప్పులు విడిచి మూలకి తోసింది. అటక మీద కుయ్యిమంది. "ఇది నాకే," అనుకుంటూ అతను గబగబా మెట్లు దిగిపోయాడు.

కోడలు తలెత్తి కుక్కరు వంక చూసింది. లాప్‌టాప్ లాక్కున్నారు సరే, చేతులు లాక్కోలేదుగా. స్టూలు వేసుకుని దాన్ని కిందకి దించింది.

"అత్తయ్యా, మీ కుక్కర్లో కంప్యూటర్ పెట్టుకోనా?"

"పడుతుందా?"

"అరచెయ్యంత బోర్డేనండీ, నా దగ్గరుంది."

"అయితే ఉండు, తోమిస్తాను," అంది అత్తగారు.

కుక్కరు అల్యూమినియం. బోర్డు దాని ఒంటికి తగిలితే షార్టయి కూర్చుంటుంది. అందుకని కోడలు పాత రబ్బరు గాస్కెట్‌ని ముక్కలుగా కోసి బోర్డు కింద దిండ్లలా పెట్టింది. పిడి ఊడిన చోటున్న కన్నాల్లోంచి తీగలు బయటికి తీసి ఒకటి కీబోర్డుకి, ఒకటి కెమెరాకి, ఒకటి హాల్లో టీవీకి కలిపింది. స్విచ్ వేస్తే టీవీలో బొమ్మ వచ్చింది గానీ నెట్ రాలేదు. వైఫై డబ్బాని తిట్టవలసిన తిట్లన్నీ తిట్టాక తట్టింది: మూత బిగించిన కుక్కర్లోకి సిగ్నల్ ఎలా దూరుతుంది, నా మొహం! యాంటెన్నా తీగని సేఫ్టీ వాల్వ్ కన్నంలోంచి పైకి లాగేసరికి నెట్ వచ్చేసింది. వేడిగాలి పోవడానికి ఆవిరి గొట్టం ఎలాగూ ఉంది. "ఇన్నాళ్లూ దీనికి నోరే ఉండేది. ఇప్పుడు బుర్ర కూడా వచ్చింది," అని అత్తగారు మూత మీద తట్టింది.

ఇంతలో ఓనరు ఫోన్ చేశాడు. వృద్ధాశ్రమాలు నడిపే ఒక మేడమ్ ఆ ప్రోగ్రాం కొనడానికి వీడియోలో చూస్తానందట.

"అల్లుడికి దాన్ని నడపడం ఇంకా చేతకాలేదు. ఏదో ఒక కంప్యూటర్ చూసుకుని ఇంటి నుంచే కలువు, కెమెరా ఆపుకుని కూర్చో. అతను మాట్లాడతాడు, నువ్వు వెనకనుంచి ప్రోగ్రాం నొక్కి చూపించు. నోరు విప్పావో, రేపట్నించి రానక్కర్లేదు."

"సరే సార్," అంది కోడలు. కుక్కరు పెట్టిన కూతకి టీవీ మీద బొమ్మలు ఊగాయి. కోడలు చెయ్యి చాపి విజిల్ పీకేసి సొరుగులో పడేసింది.

మర్నాడు మీటింగుకి కూర్చుంటుంటే అత్తగారు వచ్చి చూసింది.

"విజిల్ ఏదే?"

"వేడి పోవాలని తీశానత్తయ్యా."

"నాకు చెవులకే మిషన్లు. కళ్లు బానే ఉన్నాయి."

కోడలు కీబోర్డు దగ్గరికి లాక్కుంది. విజిల్ లేని గొట్టంలోంచి ఉస్సుమని గాలి మాత్రం వచ్చింది. అత్తగారి మొహం పాలిపోయింది.

"ఇదే చప్పుడు. ఆయన పోయేదాకా నా వంటింట్లో ఇదే చప్పుడు. నాకు ఆ కూతైనా మిగల్చలేదు. ఆయన జేబులోంచి తీసింది, నువ్వు సొరుగులో పెట్టుకోడానికా?"

"ఉద్యోగం పోతుందత్తయ్యా!"

"నాకు ఏ ఉద్యోగం ఉందని మింగానే అన్నేళ్లు?"

కోడలు జవాబు చెప్పేలోపే టీవీలో మేడమ్ వచ్చేసింది. పక్కన ఓనరు, అతని పక్కన అల్లుడు, మెరిసిపోతున్న కొత్త కోటుతో. అల్లుడు మాట్లాడుతుంటే కోడలు నొక్కుతూ పోయింది. "ముసలివాళ్ల కష్టం చూసి నా గుండె కరిగింది మేడమ్," అన్నాడతను. ఉస్సు. "తిండీ నిద్రా మానేశాను మేడమ్." ఉస్సు. వెనకాల సొరుగు తెరిచిన చప్పుడైంది. అత్తగారు వచ్చి, టక్కుమని విజిల్ కుక్కరు నెత్తిన పెట్టి, చేతులు కట్టుకుని నిలబడింది.

"ప్రతి అక్షరం నేనే రాశాను మేడమ్," అన్నాడు అల్లుడు.

కోడలికి మాట నాలుక చివరిదాకా వచ్చింది. మింగింది. కుక్కరు ఇల్లు అదిరేలా కూసింది. టీవీలో ముగ్గురూ ఆగిపోయారు.

"ఏం లేదు మేడమ్, ఎవరింట్లోనో వంట," అన్నాడు ఓనరు.

మేడమ్ కళ్లజోడు తీసింది. "వంట కూత నాకు తెలీదాండీ? ఇది మాట మింగిన కూత. మా ఆశ్రమంలో సగం గదుల్లో ఇదే. ఎవరమ్మా అక్కడ? ఏం మాట మింగారు?"

"అమ్మాయ్!" అన్నాడు ఓనరు హెచ్చరికగా. కుక్కరు ఇంకోసారి కూసింది. కోడలు కెమెరా వేసింది.

"అది నాదండీ." కుర్చీ ముందుకి జరుపుకుంది. "అది నేను రాసింది. మెట్లెక్కలేని ముసలివాళ్ల కోసం రాశాను, మా అత్తయ్య చెవి మీద పరీక్షించాను. అల్లుడుగారికి దాన్ని తెరవడం కూడా రాదు, అందుకే నన్ను కూర్చోబెట్టారు. లాప్‌టాప్ లాక్కుంటే కుక్కర్లో కంప్యూటర్ చేసుకున్నాను. నోరు విప్పితే ఉద్యోగం తీసేస్తామన్నారు. తీసేసుకోండి. నేను రాసినదాని మీద నా పేరే ఉంటుంది."

"రేపట్నించి రాకు!" అని అరిచాడు ఓనరు.

"రానండి."

కుక్కరు కిమ్మనలేదు. మేడమ్ కళ్లజోడు పెట్టుకుని పెన్ను తీసింది. "మీరూ, మీ అల్లుడూ ఇక వెళ్లచ్చండీ. మీ అడ్రస్ చెప్పండమ్మా, రేపు నేనే వస్తాను."

టీవీ ఆపేసి కోడలు కుర్చీలో వెనక్కి వాలింది. సరిగ్గా అప్పుడే కుక్కరు మళ్లీ కూసింది.

"నేను కాదత్తయ్యా! నా దగ్గరున్నదంతా అనేశాను," అంది కంగారుగా.

అత్తగారు గోడ మీద మామగారి ఫోటో వంక చూస్తోంది. "నాదే," అంది మెల్లగా.

"అయితే అనేయండి."

"ఇప్పుడా? ఆయన లేడుగా."

"మీరున్నారుగా."

అత్తగారు కుర్చీ లాక్కుని ఫోటో ముందు కూర్చుంది. చెవిలో మిషన్ సర్దుకుంది, తన మాట తనకి వినబడాలని కాబోలు. "ఇదిగో, ముందు ఆ విజిల్ సంగతి తేల్చండి," అని మొదలుపెట్టింది. పక్కింటావిడ గోడ మీంచి తల పెట్టి కాసేపు విని, పిలవకుండానే వచ్చి గుమ్మంలో కూర్చుంది. డ్యూటీ దిగి వచ్చిన కొడుకు లోపలికి రాబోయి, చెప్పులు చేత్తో పట్టుకుని బయటే నిలబడిపోయాడు. చీకటి పడినా అత్తగారు ఆపలేదు. ఎవరూ ఆపమనలేదు.