బోసిగా మిగిలిన లోహం

కృత్రిమ కాళ్లు తయారుచేసే ఆ వర్క్‌షాపులో అల్యూమినియం ముక్కలను అతికించడానికి సిద్ధం చేసే పని పదకొండేళ్లుగా ఆవిడదే. అందరూ అక్కా అనే పిలిచేవారు. ముక్కను గరుకు కాగితంతో రుద్ది, ఆమ్లంలో ముంచి, కడిగి, చివరగా నీళ్లు పోసి చూసేది. నీరు బొట్లు కట్టకుండా పలుచగా పరుచుకుంటేనే లోహం శుభ్రపడ్డట్టు; అప్పుడే జిగురు పూసి, కార్బన్ నారతో చేసిన కాలి తొడుగుకు అతికించేది.

ఆ సోమవారం ఒక కాలు రెండుగా విడిపోయి తిరిగొచ్చింది. దాన్ని తొడుక్కున్న పోస్టుమాన్ వారం కిందట మెట్ల మీద పడి మణికట్టు విరగ్గొట్టుకున్నాడట.

మేనేజరు రెండు భాగాలనూ బల్ల మీద పెట్టాడు. జిగురంతా తొడుగునే పట్టుకుని ఉంది. లోహం మాత్రం మరకైనా లేకుండా బోసిగా ఉంది.

"జిగురు పాతదై ఉంటుంది. రిపోర్టులో అదే రాసేస్తా," అన్నాడు.

అక్క కాలి మీద వేసిన తేదీ చూసింది. ఆ రోజులు ఆవిడకు గుర్తున్నాయి. చెల్లెలికి ఆపరేషనని ఫోనొస్తే, కడిగి ఆరబెట్టిన ముక్కలను అలాగే వదిలేసి పరుగెత్తింది. అన్నాళ్లు గాలి తగిలిన లోహాన్ని జిగురు పట్టదు. మూడో రోజు తిరిగొచ్చాక, మళ్లీ మొదటి నుంచి చేయాల్సింది పోయి, గుడ్డతో తుడిచి అతికించేసింది.

నోరు మెదపకపోతే ఎవరికీ తెలియదు.

"జిగురు తప్పు కాదు సార్. నాది," అంది. జరిగిందంతా చెప్పింది.

మేనేజరు రిజిస్టరు తెరిచాడు. "ఎన్ని ముక్కలు?"

"నాలుగు."

"అంటే ఇంకా మూడు కాళ్లు తిరుగుతున్నాయి."

వెంటనే ఫోన్లు చేశారు. ఇద్దరు దొరికారు. మూడో ఆమె, ఒక టీచరు, ఎత్తలేదు. అక్క బస్సెక్కి బడికే వెళ్లింది. టీచరు బోర్డు దగ్గర నిలబడి లెక్క చెబుతోంది.

"కూర్చోండి టీచర్. కాలు తీసేదాకా లేవకండి," అంది అక్క, తలుపు దగ్గర్నుంచే. టీచరు కాలు తీసిచ్చాక, అతుకు మీద గోరుతో నొక్కితే సన్నని సందు తెరుచుకుంది.

మర్నాడు పోస్టుమాన్ ఇంటికి వెళ్లింది. అతను కట్టు కట్టిన చేతిని ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు. అతని భార్య కుర్చీ వేసింది.

"నా వల్లే పడ్డారన్నా," అంటూ ఏదీ దాచకుండా చెప్పింది.

అతను నేలను చూస్తూ విన్నాడు. క్షమించానని అనలేదు.

"నా బరువు వల్లే విరిగిందనుకున్నా," అన్నాడు చివరికి. "పడిన రోజు నుంచీ ఒక్క పూటే తింటున్నా."

అతని భార్య లేచి వంటింట్లోకి వెళ్లి, కంచంలో అన్నం పెట్టుకొచ్చి అతని ముందుంచింది.