మెటాపొంటం నాణెం మీద ఎలుక

సకల జనుల సమ్మెకు కోరుట్ల రోడ్డు మీద టెంటు వేసిన నాటి నుంచి జలపతి సారుకు మైకు ఒక్కసారి కూడా దొరకలేదు. ఆయన హిస్టరీ లెక్చరర్. నోరు తెరిస్తే ప్రాచీన గ్రీకు నాణేల దగ్గరికే పోతాడని కాలేజీలో పేరు. అందుకే ఆయన్ను డప్పుల వాళ్ల పక్కన, చప్పట్లు కొట్టడానికి కూర్చోబెట్టారు.

ఆ రోజు జగిత్యాల నుంచి రావాల్సిన నాయకుడు దారిలో మరో రాస్తారోకోలో ఇరుక్కుపోయాడు. పాడేవాళ్లకు గొంతులు పోయాయి. రోడ్డుకు రెండువైపులా జీపులు, లారీలు ఆగి ఉన్నాయి. జనం ఒక్కొక్కరే లేస్తున్నారు.

"సార్, జరసేపు ఏదన్న మాట్లాడున్రి. గా పాత పైసల ముచ్చట తప్ప" అంటూ టెంటు పెద్ద ప్రభాకర్ మైకు చేతిలో పెట్టాడు.

సారు లేచి నిలబడ్డాడు. జై తెలంగాణ అన్నాడు. జనం జై అన్నారు. తర్వాత ఏమనాలో తోచలేదు. తోచింది ఒక్కటే.

"మెటాపొంటం అని ఒక ఊరుండె..."

ప్రభాకర్ తల పట్టుకున్నాడు.

"ఇటలీల గ్రీకులు కట్టుకున్న ఊరు. వేల ఏండ్ల కిందటి మాట. వాళ్ల వెండి నాణెం మీద బార్లీ కంకి ముద్ర వేసుకున్నరు. గదే వాళ్ల బతుకు. కొన్నిటి మీద కంకి పక్కపొంటి మిడత ఉంటది, కొన్నిటి మీద ఎలుక."

లేచినవాళ్లు ఆగారు.

"పంట తినే ఎలుకను పైసల మీద ఎందుకేసిండ్రు సారూ?" బీడీలు చుట్టే లింగవ్వ అడిగింది.

"సరిగ్గ ఎవలకు తెల్వదమ్మా. నాణేలు కొట్టించిన అధికారి గుర్తు కావచ్చు అంటరు."

"అధికారి గుర్తు ఎలుకనా! కరెక్టే ఏసిండ్రు."

టెంటు గొల్లుమంది. పసుపు రైతు బక్కయ్య లేచాడు. "మన రాష్ట్రం అచ్చినంక మన నాణెం మీద పసుపు కొమ్ముండాలె."

ఆగిన జీపులోంచి సిరిసిల్ల శ్రీధర్ దిగాడు. ఆయనకు మరమగ్గాలున్నాయి. "గది అల్లం లెక్క కనవడ్తది. మా మగ్గం సాంచ ఏయున్రి."

"సాంచ తింటమా? జగిత్యాల మామిడికాయ ఏయాలె!" లారీ డ్రైవరు అరిచాడు.

రాష్ట్రానికి వేరే నాణేలు ఉండవని చెప్పబోయాడు సారు. ఎవరూ చెప్పనిస్తే కదా!

రోడ్డు ఖాళీ చేయించడానికి వచ్చిన ఎస్సై కాసేపు లాఠీ చంకలో పెట్టుకుని విన్నాడు. "మాది రుద్రంగి. మక్క కంకి అయితే గా గ్రీకోళ్లదాని లెక్కనే ఉంటది" అన్నాడు. అనేశాక డ్యూటీ గుర్తొచ్చి అందరినీ వ్యాను ఎక్కించాడు. శ్రీధర్ సమ్మెలో లేడు. అయినా మధ్యలో వదిలేస్తే వాదన ఓడిపోతానని తానే ఎక్కేశాడు. ఆయన ఎక్కి వచ్చిన జీపు ఆయన లేకుండానే పోయింది.

పోలీసులు వాళ్లను ఒక ఫంక్షన్ హాల్లో కూర్చోబెట్టి సాయంత్రం వదిలేశారు. గేటు దగ్గర సారు భార్య రచన ఏడుపు మొహంతో ఎదురొచ్చింది.

"ఏం జేసిండ్రు నిన్ను? కొట్టిండ్రా?"

"విన్నరు రచనా" అన్నాడు సారు. "అందరు విన్నరు."

ఆమె ఆయన్ను పైనుంచి కిందికి చూసి, గుండె మీద చేయి వేసుకుంది. "పెండ్లయిన కాడికెల్లి నేనొక్కదాన్నే వింటున్న. ఇగ ఊరంత విననీ."